చెయ్యి ఓర్చుకునే వేడి

గద్వాలలో పాత తరం నేతగాళ్ళ మాట వచ్చినప్పుడల్లా మా నాయన రాజమౌళి పేరు చెబుతారు. జొన్నకంకి కొంగు చీర నేసినవాడు అంటారు. నాకు సంతోషమే. కానీ చెప్పేది సగమే, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చీర బతికి బయటపడింది మా అమ్మ జములమ్మ వల్ల. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఇది జరిగింది 1941లో. అప్పటికి నేను పుట్టలేదు. అమ్మ నోట, నాయన నోట, పెద్దమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ముగ్గురూ ఒకేలా చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క దగ్గర మాత్రం పెద్దమ్మ మాటే తీసుకున్నాను, అది నాకు ఇష్టం కాబట్టి.

అమ్మది బిజినేపల్లి. వాళ్ళకు ఒక మగ్గం, బావి కింద అరెకరం మడి ఉండేవి. మగ్గం మీద ఎంత పని చేసిందో మడిలోనూ అంతే పని చేసి పెరిగింది. పదమూడేళ్ళకు పెళ్ళయి గద్వాలకు వచ్చింది. ఇక్కడ ఒకే కప్పు కింద రెండు గుంట మగ్గాలు, ఇంటి పెద్దేమో నాయన వాళ్ళ అన్న ఈరన్న. నేను పెద్దనాయన అంటాను. మనిషి మంచివాడు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. నూలు కొనడం నుంచి పడుగుకు గంజి పట్టించడం దాకా అన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి.

మా ఇళ్ళలో మొగుడి అన్నతో ఇంటి కోడలు ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే తోటికోడలికి చెప్పాలి, ఆమె పోయి చెబుతుంది. మా పెద్దమ్మ ఎల్లమ్మ ఆ పని పదకొండేళ్ళు చేసింది. పెద్దనాయన మూడు మూరల దూరంలో కూర్చుని అన్నీ వింటూనే ఉంటాడు. అయినా అమ్మ పెద్దమ్మతో చెప్పాలి, పెద్దమ్మ ఆయనతో చెప్పాలి, ఆయన అప్పుడే కొత్తగా విన్నట్టు తల ఊపాలి. నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వాళ్ళకు మాత్రం అది నవ్వులాట కాదు, అదే మర్యాద.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు రామస్వామి సారు వచ్చారు. వనపర్తి బడిలో సైన్సు చెప్పేవారు. పట్నంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. దసరా దాటాక పట్నంలో చేనేత గుడ్డల ప్రదర్శన పెడుతున్నారని, మన వైపు నుంచి మంచి చీరలు ఏరి పంపే పని తనకు అప్పగించారని చెప్పారు. ఒక్కో చీరకు ఒక కాగితం గుచ్చుతారట. దాని మీద నేసిన మనిషి పేరు, ఊరి పేరు రాస్తారట.

ఇది వినగానే నాయన నేస్తున్న పని ఆపేశాడట. అప్పటిదాకా ఆయన నేసిన చీర ఏదైనా సరే, గడప దాటితే సావుకారి పేరు మీదే పోయేది. కట్టుకున్నవాళ్ళు ఫలానా దుకాణం చీర అనేవారు తప్ప, ఎవరు నేశారని అడిగిన పాపాన పోలేదు. నాయనకు అప్పటికి ముప్పై రెండేళ్ళు. తన పేరు కాగితం మీద ఎక్కడం ఒక్కసారైనా చూడాలని అనుకున్నాడు. అందుకోసం సొంతంగా ఒక నమూనా కట్టాడు. మీగడ రంగు నూలు ఒడలు, కుంకుమ రంగు పట్టు అంచు, కొంగు నిండా జరీతో జొన్నకంకులు.

తప్పు గంజి దగ్గర జరిగింది. నూలు పడుగును తెల్లవారగానే వీధిలో బారుగా సాగదీసి కట్టి, బియ్యపు గంజి పట్టించి, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా కుంచెతో దువ్వుతారు. ఎండకు ఆరితే పోగుకు బలం వస్తుంది. ఆ రోజు సగంలో తుంపర పడింది. పడుగును గబగబా చుట్టి లోపలికి తెచ్చారు. మర్నాడు మళ్ళీ పరిచినప్పుడు పెద్దనాయన ఇంకా చిక్కటి గంజి కలిపించాడు.

"తేమకు పోగులు తెగుతయి. ఇంకొక పట్టు గట్టిగ పట్టియ్యి" అన్నాడు.

"ఎక్కువైతదేమో అన్నా" అన్నాడు నాయన.

"నాకు నేర్పుతవా?"

నాయన అన్న చెప్పినట్టే పట్టించాడు. నెల రోజులు నేశాడు. పోగు తెగలేదు, ఆ మాట నిజం. కానీ మగ్గం మీంచి దించి మడత పెట్టబోతే చీర పెళపెళమంది. నూలు ఒడలంతా అట్టలా బిగిసిపోయింది. మెత్తటి పట్టు అంచు దాని పక్కన ముడతలు పడి ముడుచుకుంది. కొంగును నేల మీద నిలబెడితే నిలబడేలా ఉంది. గద్వాల చీర అంటే గుప్పిట్లో పట్టాలని మనవాళ్ళ గొప్ప. దీన్ని చూస్తే ఎవరైనా నవ్వుతారు.

చీర తీసుకుపోవడానికి రామస్వామి సారు వస్తానన్న గురువారానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మరో చీర నేయడానికి వ్యవధి లేదు. చన్నీళ్ళలో ఒక పగలంతా నానబెట్టారు. ఆరాక మళ్ళీ అట్టే. సోడా వేసి మరిగించిన నీళ్ళలో ఉడకబెడితే గంజి వదులుతుంది. మామూలు నూలు గుడ్డకైతే అదే చేస్తారు. కానీ ఈ చీరకు అంచు పట్టు. మరిగే సోడా నీళ్ళలో పట్టు మెరుపు చచ్చిపోతుంది, కుంకుమ రంగు కారి మీగడ రంగు ఒంటికి అంటుకుంటుంది. గంజి పోవాలంటే నిప్పు కావాలి, నిప్పు తగిలితే పట్టు పోతుంది. నాయన మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని ఊరికే కూర్చున్నాడు.

అమ్మ అది చూసింది. మొగుడి మీద జాలి ఒకవైపు, బావ మీద కోపం ఒకవైపు. కోపం చూపించే వీలు లేదు కాబట్టి వంటింట్లో గిన్నెల మీద చూపించింది. అలా గిన్నెలు ఎత్తి పెడుతుంటే తైదల మూట చేతికి తగిలింది. రాగుల్ని మా వైపు తైదలంటారు. నానబెట్టిన తైదల్ని గుడ్డలో మూటకట్టి మొలకలు తెప్పించి, ఆరబెట్టి పిండి చేయడం అమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. పాలు మరిచే పిల్లలకు, జ్వరం పడి లేచినవాళ్ళకు చిక్కటి జావ మింగుడు పడదు. జావ కాస్త చల్లారాక ఈ మొలకల పిండి ఒక చెంచా వేసి కలిపితే, చూస్తుండగానే నీళ్ళలా పలచబడుతుంది. పొయ్యి మీద మరుగుతున్నప్పుడు వేస్తే మాత్రం ఏమీ జరగదు. వేలు పెడితే ఓర్చుకునేంత వేడి ఉండాలని మా అమ్మమ్మ పదేపదే చెప్పేదట.

అమ్మ ఆ మూట విప్పింది. మొలకల్ని చేటలోకి వంపి, చేతిలో మిగిలిన గుడ్డను చూసింది. అది మగ్గం మీద కోసి పారేసిన గంజి గుడ్డ ముక్క. మూడు రోజుల కింద కట్టినప్పుడు గరుకుగా ఉండింది. ఇప్పుడు పసిపిల్ల బొంతలా మెత్తగా ఉంది. అలాంటిదే ఇంకో ముక్కను మామూలు నీళ్ళలో తడిపి గిన్నెలు తుడవడానికి వాడుతోంది. దాన్ని తీసి దీని పక్కన పెట్టి చూసింది. అది ఇంకా గరుకుగానే ఉంది. జావలో ఉన్నది గంజే, గుడ్డలో ఉన్నదీ గంజే కదా అనుకుంది. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మ మొహం చూడాలి మీరు. ముసలితనంలో కూడా వెలిగిపోయేది.

వెంటనే పెద్దమ్మకు చెప్పింది. "అక్కా, మొలకల పిండి నీళ్ళల్ల కలిపి, తేరినంక పైనీళ్ళు వడగట్టి చీరను నానేస్తె గంజి ఇడుస్తది. నీళ్ళు జర వెచ్చగ ఉండాలె, మరగొద్దు. ముందుగాల ముక్క మీద సూద్దం. బావకు చెప్పు."

పెద్దమ్మ పోయి చెప్పింది. కానీ 'మరగొద్దు' అన్న ముక్క మరిచిపోయింది. మొలకలు, నీళ్ళు, వెచ్చన అని మాత్రం చెప్పింది. పెద్దనాయనకు నమ్మకం లేదు. అయినా దారి లేక, పడుగు చివర మిగిలిన మూరెడు గుడ్డను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను పరీక్షకు తీసుకున్నాడు. వెచ్చనికే పని అయితే మరిగితే ఇంకా తొందరగా అవుతుందని ఆయన లెక్క. మొలకల నీళ్ళను పొయ్యి మీద తెర్లించి అందులో ముక్క వేశాడు. పూటంతా ఉంచి తీశాడు. ఆరబెడితే అట్టలాగే ఉంది.

"తైదలు తినేటందుకు. బట్టలకు గాదు" అని నవ్వి, గుడ్డను వాకిట్లో పడేశాడు.

అమ్మ తలుపు వెనక నుంచి పొయ్యి మీద గిన్నెను చూసింది. ఇంకా ఆవిరి వస్తోంది. సంగతి అర్థమైంది. వాకిట్లో పడ్డ ముక్కను తీసి దాచింది. రెండో ముక్కను వంటింట్లోకి తెచ్చుకుని, కొత్తగా మొలకల పిండి కలిపి, తేరిన నీళ్ళను మూడుసార్లు వడగట్టి, చెయ్యి ఓర్చుకునే వేడిలో నానేసింది. చల్లారుతుంటే కొంచెం కొంచెం వేడి నీళ్ళు పోసింది. మధ్యాహ్నం వంట అయ్యేసరికి ముక్క మెత్తబడింది. పిండితే నీళ్ళు తియ్యగా ఉన్నాయట. నాలుక మీద వేసుకుని చూసింది మా అమ్మ. అలాంటి మనిషి ఆమె.

ఆ ముక్కను పెద్దమ్మ చేత నాయనకు పంపింది. నాయన దాన్ని గుప్పిట్లో పట్టి, వదిలి, మళ్ళీ పట్టి చూశాడు. లేచి అన్న దగ్గరికి పోయాడు. పెద్దనాయన కూడా ముక్కను పట్టి చూశాడు, కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "ఈసారి పిండి ఎక్కువేసినట్టున్నది. సరే, కానియ్యుండ్రి" అన్నాడు.

మంగళవారం పొద్దున పెద్ద ఇత్తడి గంగాళంలో మొలకల నీళ్ళు సిద్ధం చేశారు. చీరను విప్పి, మడతలు పడకుండా నాయన, పెద్దమ్మ చెరొక కొస పట్టి కొంచెం కొంచెంగా దించసాగారు. అమ్మ గంగాళం పక్కన కూర్చుని ముంజేతి దాకా చెయ్యి ముంచి ఉంచింది. ఆకాశం నిండా మబ్బు. ఆ రోజు నానబెట్టి జాడించి, మర్నాడంతా నీడన ఆరబెడితే తప్ప గురువారానికి అందదు. పెద్దనాయన మబ్బును చూస్తూ వాకిట్లో తిరిగాడు. కాసేపటికి పెరట్లోకి పోయి, పొయ్యి మీద తెర్లుతున్న నీళ్ళ బిందెను గుడ్డతో పట్టుకుని వచ్చాడు. గంగాళం మీదికి వంచబోయాడు.

అమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ కొంగు కొసన ఉంది, దూరంగా. ఆమెకు చెప్పి, ఆమె ఈయనకు చెప్పేలోపు నీళ్ళు పడిపోతాయి.

"బావా, ఆగుండ్రి!"

పదకొండేళ్ళలో అదే మొదటి మాట. నాయన చేతిలోంచి చీర కొస జారింది. పెద్దనాయన బిందె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అంచు నుంచి నీళ్ళు ఒలికి కాలి మీద పడ్డా కదల్లేదని పెద్దమ్మ అంటుంది. పెద్దనాయన అది అబద్ధమనేవాడు. నేను పెద్దమ్మ మాటే తీసుకున్నానని ముందే చెప్పాను కదా.

అమ్మ తల దించలేదు. "ఆ నీళ్ళు పోస్తె దీనిల ఉన్న గుణం సస్తది. మొన్న మీ గిన్నెల గట్లనే సచ్చింది. నా చెయ్యి ఓర్చుకునే వేడే దానికి గావాలె. నమ్మకపోతె మీరు గూడ చెయ్యి పెట్టి సూడుండ్రి" అంది.

తిట్టిపోస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన బిందె కింద పెట్టాడు. వచ్చి గంగాళానికి అవతలి పక్క గొంతుక్కూర్చుని, చెయ్యి ముంచాడు. "ఇంత సల్లగనా?" అన్నాడు.

"ఇంతే" అంది అమ్మ.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. నీళ్ళు చల్లారుతున్నాయని అమ్మ అన్నప్పుడల్లా ఆయనే లేచి చెంబుతో కొంచెం వేడి నీళ్ళు తెచ్చి, పోయబోయే ముందు ఆమె మొహం చూశాడు. చివరికి అమ్మ చీర నడుమను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, చాలు అంది. చన్నీళ్ళలో జాడించి నీడన ఆరేశారు. కుంకుమ రంగు చుక్కైనా కారలేదు. పట్టు మెరుపు అలాగే ఉంది. బుధవారం సాయంత్రానికి నాయన చీరను మడిచి గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆ తర్వాత అందరి ముందే ఏడ్చాడు. మా నాయన ఏడ్చాడని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

గురువారం రామస్వామి సారు వచ్చి చీరను వెలుతురులో పట్టి చూశారు. గంజి ఎలా పోగొట్టారని అడిగారు. నాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. సారు ఆ రెండు ముక్కలూ తెప్పించుకుని, సంచిలోంచి గాయాలకు రాసే టించర్ అయోడిన్ సీసా తీసి, ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేశారు. పెద్దనాయన ఉడకబెట్టిన ముక్క మీద చుక్క నల్లటి నీలం అయింది. అమ్మ నానేసిన ముక్క మీద పసుపుపచ్చగానే ఉండిపోయింది.

"నీలం అయిందంటె గంజి ఉన్నట్టు. దీనిల లేదు" అన్నారు సారు. తలుపు వైపు తిరిగి, "అమ్మా, మీకు మడి పని తెలుసా?" అని అడిగారు.

"బిజినేపల్లిల పుట్టిన సారూ. తెల్వకేంది?" అంది అమ్మ లోపలి నుంచి.

"అయితే వినుండ్రి. పైన ఉన్న మడిల నీళ్ళున్నయి. కింది మడిలకు పోవాలె. పోతయి గూడ, కానీ నడుమ గట్టు అడ్డం ఉన్నది. ఏం చేస్తరు?"

"గట్టు తవ్వి మడవ తీస్త."

"తీయకుంటె?"

"గట్టు పొర్లేదాంక నీళ్ళు పెట్టాలె. పైరు మునుగుతది."

సారుకు ఆ జవాబు ఎంత నచ్చిందో, బడిలో పిల్లలకు చెప్పినట్టు ఉత్సాహంగా చెప్పుకుపోయారు. గంజి అంటే చక్కెర రవ్వలు పొడుగ్గా గుచ్చిన దండ లాంటిది. నీళ్ళు దాన్ని తెంపగలవు. కానీ తెగే ముందు ఒక గట్టు దాటాలి. వట్టి నీళ్ళలో వదిలేస్తే ఆ గట్టు దాటే రవ్వలు ఎక్కడో ఒకటి, అరా. మరిగించడమంటే గట్టు పొర్లేదాకా నీళ్ళు పెట్టడం, అందులో పట్టు మునుగుతుంది. మొలకెత్తే గింజలో ఒక పదార్థం పుడుతుంది. దాన్ని ఉర్దూలో ఖామిరా అంటారు, ఇంగ్లీషువాళ్ళు ఎంజైము అంటారు. అది వచ్చి గట్టుకు మడవ తీస్తుంది. పై మడి ఎత్తు మారదు, కింది మడి పల్లం మారదు, నడుమ గట్టు ఒక్కటే తగ్గుతుంది. అందుకే కొద్దిపాటి వెచ్చదనానికే పని జరిగిపోతుంది. ఒక మడవ తీశాక అది అరిగిపోదు, ఇంకో గట్టు దగ్గరికి పోతుంది. చెంచాడు పిండికి అంత జావ పలచబడేది అందుకే. దానికి తెలిసింది గంజి గట్టు ఒక్కటే కాబట్టి పట్టు జోలికి పోలేదు.

"మరి మరిగిస్తె ఏమైతది?" అని అడిగాడు పెద్దనాయన.

"మడవ తీసే మనిషే సచ్చిపోతడు."

సారు నవ్వి, కాగితం తీసి కలం పట్టారు. 'రాజమౌళి, గద్వాల' అని రాస్తుంటే పెద్దనాయన లేచాడు.

"జర ఆగుండ్రి సారూ. ఇంకొక పేరు గూడ రాయాలె."

"ఎవరిది? మీదా?"

"నాదెందుకు? దాన్ని ఖరాబ్ చేసినోణ్ణి నేను. మా మరదలిది. జములమ్మ."

సారు ఇబ్బంది పడ్డారు. నేసినవాళ్ళ పేరు ఒక్కటే రాయమన్నారని, ఆడవాళ్ళ పేర్లు ఇంతవరకు ఒక్క కాగితం మీదా లేవని, తాను సొంతంగా మారిస్తే పట్నంలో చీరనే పక్కన పెడతారేమోనని చెప్పారు.

"అట్లయితె చీర ఇయ్యం" అన్నాడు పెద్దనాయన.

ఆ మాటతో అందరూ నాయన వైపు చూశారు. పేరు పోయేది ఆయనకు. బతుకులో ఒక్కసారి వచ్చిన అవకాశం అది. నాయన చీరను సారు ముందు నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆమె పేరు ముందు రాయుండ్రి సారూ. దాని కింద నాది రాయుండ్రి. లేకుంటె ఒద్దు" అన్నాడు.

సారు మొదటి కాగితాన్ని చింపేసి, ఇంకో కాగితం మీద రెండు పేర్లూ రాశారు. పట్నంవాళ్ళు అడిగితే తానే జవాబు చెప్పుకుంటానన్నారు.

పెద్దనాయన తలుపు వైపు తిరిగాడు. పెద్దమ్మను పిలవలేదు. "జములమ్మా, ఇట్ల రా. నీ చేతుల మీద ఇయ్యి" అన్నాడు.

అమ్మ బయటికి వచ్చింది. బావ ఎదుట, మొగుడి ఎదుట, పరాయి ఊరి సారు ఎదుట తల ఎత్తి నిలబడి, చీరను సారు చేతుల్లో పెట్టింది.